ప్లీడరు మంత్రి అయ్యాక

మా బార్ (కోర్టు లాయర్ల సంఘం) తీర్మానం మీద సంతకం పెట్టినప్పుడు నా వయసు 27. ఊళ్ళో ఒక చిన్నపిల్ల విషయంలో ఘోరం జరిగింది. రెండు రోజుల్లో పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. అతని తరఫున మా కోర్టులో ఎవరూ వకాల్తా వేయకూడదని బార్‌లో తీర్మానం రాశారు. కాగితం చేతులు మారుతూ నా దాకా వచ్చింది. సీనియర్లంతా పెట్టారు, నేనూ పెట్టాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. కోపంతో, మనస్ఫూర్తిగా పెట్టాను. ఇంటికొచ్చి చెబితే నాన్న "మంచి పని చేశావమ్మా" అన్నారు. ఇలాంటి తీర్మానాలు చెల్లవని, అవి మా వృత్తి ధర్మానికే విరుద్ధమని సుప్రీంకోర్టు 2010లో తేల్చి చెప్పింది. మాది అంతకు ముందు మాట.

చాలా ఏళ్ళ దాకా ఆ సంతకం నాకు గుర్తు రాలేదు. గుర్తు చేసినవాడు ఒక రొమేనియా మంత్రి.

నాన్న హైస్కూలు మాస్టారు. కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం లేదు గానీ మనసంతా అటే. ఇంటికి సోవియట్ భూమి పత్రిక వచ్చేది, దాని నున్నటి కాగితాలతోనే మా పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. 1989 డిసెంబర్‌లో రొమేనియాని ఏలిన కమ్యూనిస్టు నాయకుడు చౌషెస్కునీ భార్యనీ గోడకి నిలబెట్టి కాల్చేశారన్న వార్త టీవీలో విని ఆ రాత్రి నాన్న అన్నం తినలేదు. "అక్కడ కొన్ని పొరపాట్లు జరిగాయమ్మా" అని మాత్రం అన్నారు. ఆ "పొరపాట్లు" అన్న మాట నాతో పాటే పెరిగింది. లాయర్ని అయ్యాక ఏ దేశం గురించి చదివినా ముందు అక్కడి కోర్టుల సంగతే వెతుక్కోవడం అలవాటైంది. రొమేనియా గురించి అలా వెతుకుతుంటే కనిపించిన పేరు లుక్రెట్సియు పత్రష్కాను.

1944 ఆగస్టు నుంచి 1948 ఫిబ్రవరి దాకా, అంటే రొమేనియా రాజరికంలోంచి కమ్యూనిస్టు పాలనలోకి జారిపోయిన మూడున్నరేళ్ళూ, ఆ దేశ న్యాయశాఖ ఇతని చేతిలో ఉంది. 1954 ఏప్రిల్‌లో అతని పార్టీయే అతన్ని కాల్చి చంపింది. అతని గురించి రెండు రకాల మాటలు వింటాం. ఒకటి, నిజాయితీ గల కమ్యూనిస్టు, సొంతవాళ్ళ చేతిలో బలైన అమరుడు అని. రెండోది, ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారు, అతనికీ అదే జరిగింది అని. ఈ రెండూ నాకు మింగుడుపడవు. మొదటిది అతని చావును చూపించి అతని పదవీకాలాన్ని దాచేస్తుంది. రెండోది వినడానికి బాగుంటుంది కానీ, జరిగింది అది కాదు.

పత్రష్కాను 1900లో బకావ్ పట్టణంలో పుట్టాడు. తండ్రి రచయిత, ఉపాధ్యాయుడు. బుకారెస్ట్‌లో లా చదివి, జర్మనీలోని లైప్‌సిగ్‌లో 1925లో డాక్టరేట్ తీసుకున్నాడు. కార్మికులే ఎక్కువగా ఉన్న కమ్యూనిస్టు పార్టీలో అంత చదువుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. 1924లో పార్టీని నిషేధించారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అది రహస్య పార్టీ. ఆ ఏళ్ళలో పత్రష్కాను చేసిన పనిలో ముఖ్యమైనది ప్లీడరీ. పట్టుబడిన కమ్యూనిస్టుల తరఫున కోర్టుల్లో వాదించేవాడు. ఈ సంగతి దగ్గర కొంచెం ఆగాలి. ఆనాటి రొమేనియా రాజ్యం మంచిదేమీ కాదు. సైనిక కోర్టులు కమ్యూనిస్టులకి పదేసి ఏళ్ళ జైలు వేసేవి. అయినా నిషేధంలో ఉన్న పార్టీ మనిషికి కోర్టులో ఒక ప్లీడరు ఉండేవాడు, అతను లేచి నిలబడి ప్రభుత్వానికి ఎదురు మాట్లాడగలిగేవాడు. ఆ చిన్న సందు ఎంత విలువైనదో పత్రష్కానుకి తెలిసినంతగా ఆ పార్టీలో ఇంకెవరికీ తెలిసి ఉండదు.

యుద్ధకాలంలో అతన్ని తిర్గు జియు నిర్బంధ శిబిరంలో పెట్టారు. తర్వాత బయటికొచ్చి, 1944 వేసవిలో రాజు మిహాయ్ మనుషులతో పార్టీ తరఫున రహస్యంగా మంతనాలు నడిపాడు. హిట్లర్‌తో చేతులు కలిపిన నియంత ఇయాన్ ఆంటొనెస్కుని ఆగస్టు 23న రాజు తన ప్యాలెస్‌లోనే అరెస్టు చేయించాడు. దేశం జర్మనీని వదిలి మిత్రరాజ్యాల వైపు తిరిగింది. ఆ రాత్రి ఏర్పడ్డ ప్రభుత్వంలో ఉన్న ఒకే ఒక్క కమ్యూనిస్టు పత్రష్కాను. సెప్టెంబర్ 12న మాస్కోలో యుద్ధవిరమణ ఒప్పందం మీద సంతకం చేసిన బృందానికి నాయకుడూ అతనే. ఇంత దాకా అతని కథ ఎవరు విన్నా గౌరవించాల్సిందే. నేనూ గౌరవిస్తాను.

ఇక మంత్రి పని. అతని ముందున్న మొదటి పెద్ద పని యుద్ధ నేరస్థుల విచారణ. ఆ నేరాలు కట్టుకథలు కావు. 1941 జూన్ చివర్లో యాష్ నగరంలో వేలమంది యూదులను వీధుల్లో, పోలీసు స్టేషన్ ఆవరణలో, గాలి ఆడని రైలు పెట్టెల్లో చంపారు. నీస్టర్ నది అవతల ట్రాన్స్‌నీస్ట్రియాకి తరిమినవాళ్ళు చలికి, ఆకలికి, టైఫస్‌కి, తుపాకులకి చచ్చిపోయారు. రొమేనియా ప్రభుత్వమే తర్వాత వేసిన అంతర్జాతీయ కమిషన్ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం, రొమేనియా ఏలుబడిలో ఉన్న ప్రాంతాల్లో చనిపోయిన యూదులు 2 లక్షల 80 వేల నుంచి 3 లక్షల 80 వేల దాకా ఉంటారు. సుమారు 11 వేలమంది రోమా (జిప్సీ) ప్రజలూ పోయారు. వీళ్ళ తరఫున ఎవరో ఒకరు కోర్టు తలుపు తట్టాల్సిందే. ఆ పని తన భుజాన వేసుకున్నందుకు పత్రష్కానుని నేను తప్పు పట్టను.

తప్పు పట్టేది, ఆ పని ఎలా చేశాడన్న దగ్గర. 1945 ఏప్రిల్ 21న వచ్చిన 312వ నంబరు చట్టం ప్రజాన్యాయస్థానాలను పెట్టింది. వాటి బెంచీల మీద వృత్తి న్యాయమూర్తులు కొద్దిమంది, పార్టీలు పంపిన మనుషులు ఎక్కువమంది. చట్టం పేరులోనే "దేశ వినాశనానికి కారకులైనవారు" అన్న మాట ఉంది. యుద్ధ నేరం అంటే ఏమిటో కొంతైనా హద్దు గీయొచ్చు. దేశ వినాశనానికి కారకుడు అంటే ఎవరు? నాకు నచ్చని రాజకీయం చేసిన ప్రతివాడూ అందులో పడతాడు. పైగా నేరం జరిగాక రాసిన చట్టం. మన రాజ్యాంగం 20వ అధికరణం అలాంటి చట్టంతో ఎవర్నీ శిక్షించకూడదంటుంది. నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణ మీద కూడా ఇదే అభ్యంతరం ఉందని మీరు అనొచ్చు. నిజమే, ఉంది. కానీ న్యూరెంబర్గ్‌లో నిందితుల ప్లీడర్లు నెలల తరబడి వాదించారు, చివరికి ముగ్గుర్ని నిర్దోషులుగా వదిలేశారు కూడా. ఆంటొనెస్కు విచారణ 1946 మేలో పన్నెండు రోజుల్లో ముగిసిపోయింది. జూన్ 1న అతన్నీ మరో ముగ్గుర్నీ బుకారెస్ట్ శివార్లలోని జిలావా జైలు దగ్గర కాల్చేశారు. ఆంటొనెస్కు నిర్దోషి అని నేననడం లేదు. సాక్ష్యాలు అంత బలంగా ఉన్న కేసుకి ఇంత తొందర ఎందుకన్నదే నా ప్రశ్న. అది బాధితులకి కూడా అన్యాయమే. అక్కడ ఏం జరిగిందో తీరిగ్గా, ఎవరూ కాదనలేనట్టు రికార్డు చేసే అవకాశం పోయింది. ఆంటొనెస్కుని దేశభక్తుడిగా నిలబెట్టాలనుకునేవాళ్ళకి "అదంతా పార్టీ కోర్టు" అనే సాకు ఈనాటికీ మిగిలింది.

అయితే ఆ ప్రజాన్యాయస్థానాలు 1946లోనే మూతపడ్డాయి. పత్రష్కానుని చంపింది వేరే కోర్టు. గోతి సామెత సరిపోదని నేనన్నది అందుకే. తాను కట్టిన కోర్టులోనే మరణశిక్ష విన్నాడని రాస్తే కథ రక్తి కడుతుంది కానీ నిజం కాదు. నా లెక్కలో అతను కట్టినదాని కంటే తీసేసింది ముఖ్యం.

అతని హయాంలో ఏమేం తీసేశారు? జడ్జీలను ఇష్టం వచ్చినట్టు తొలగించకుండా కాపాడే రక్షణ పోయింది. పాత పాలన వాసన ఉందంటూ న్యాయమూర్తుల్ని ఏరిపారేశారు. వాళ్ళలో ఫాసిస్టులూ ఉన్నారు, ఎవరికీ తల వంచనివాళ్ళూ ఉన్నారు. 1947 చివర్లో కొత్త న్యాయవ్యవస్థ చట్టం వచ్చి, మామూలు కోర్టుల్లో కూడా జడ్జీల పక్కన ప్రజా అసెసర్లను కూర్చోబెట్టింది. ఆ పేరు వింటే మంచిగానే ఉంటుంది, సామాన్యుడు న్యాయం చెబుతున్నాడని. కానీ ఆ సామాన్యుణ్ణి ఎంపిక చేసేది ఎవరు? అదే ఏడాది నవంబర్‌లో రైతుల పార్టీ నాయకుడు యూలియు మానియుకి సైనిక కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ముసలాయన 1953లో సిగెత్ జైల్లో చనిపోయాడు. సైనిక కోర్టు న్యాయశాఖ కిందికి రాదని సాంకేతికంగా వాదించొచ్చు, నేనైతే ఆ వాదన వాదించను. 1946లో పార్టీ పాత ప్రధాన కార్యదర్శి స్తెఫాన్ ఫోరిష్‌ని ఏ కోర్టూ ఏ విచారణా లేకుండా ఇనపకడ్డీతో కొట్టి చంపింది పార్టీ మనుషులే. అప్పుడు కూడా దేశ న్యాయమంత్రి ఇతనే.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసింది ఇవేవీ కాదు, 1948 జనవరిలో వచ్చిన ఒక చిన్న చట్టం. దాని నంబరు 3. దేశంలోని బార్ అసోసియేషన్లన్నిటినీ రద్దు చేసి, వాటి స్థానంలో ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉండే, లాయర్ల కాలేజీలనే పేరున్న సంఘాలను పెట్టింది. ఎవరు లాయరుగా కొనసాగాలో, ఎవరు నల్లకోటు విప్పేసి ఇంటికి పోవాలో ఇక పైనుంచి తేల్చే పద్ధతి వచ్చింది. ఈ చట్టం వచ్చినప్పుడు న్యాయమంత్రి ఒక ప్లీడరు. కమ్యూనిస్టుల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల్లో నిలబడ్డ ప్లీడరు. ఇది చదివిన రోజు నేను ఫైళ్ళు మూసేసి ఛాంబర్ బయటికి వచ్చి కాసేపు వరండాలో నిలబడ్డాను. పార్టీ చెప్పింది చేశాడు, అతను కాకపోతే ఇంకొకడు చేసేవాడు అని సర్ది చెప్పుకోబోయాను. కుదరలేదు. బార్ అంటే ఏమిటో తెలియని ఒక అధికారి ఆ పని చేసి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ చట్టం వచ్చిన నెల తర్వాత అతని వంతు వచ్చింది. 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టు పార్టీ సోషల్ డెమొక్రాట్లను కలుపుకుని కార్మిక పార్టీగా పేరు మార్చుకున్న మహాసభలో హోంమంత్రి తెయోహరి జోర్జెస్కు లేచి, పత్రష్కాను బూర్జువాల ప్రభావంలో పడ్డాడని దుమ్మెత్తిపోశాడు. పదవి పోయింది. ఏప్రిల్ 28న అరెస్టు. అసలు కోపం పాతదే. 1946లో క్లూజ్ నగరంలో రొమేనియన్లకీ హంగేరియన్లకీ గొడవలు రేగినప్పుడు, కమ్యూనిస్టు కావడానికి ముందు తాను రొమేనియన్‌నని అక్కడి సభలో అన్నాడు. పార్టీ నాయకుడు గెయోర్గియు-దేజ్ దాన్ని జాతి దురహంకారం అన్నాడు. చదువు, పలుకుబడి, రాజుతో మంతనాలు జరిపిన పేరు, జనం చెవిన పడే గొంతు, ఇవన్నీ ఉన్నవాడు పక్కనుంటే దేజ్‌కి టెన్షన్ గానే ఉంటుంది.

దాదాపు ఆరేళ్ళు విచారణ పేరుతో లోపల ఉంచారు. ఇంగ్లీషువాళ్ళ గూఢచారి, అమెరికా ఏజెంటు, పాత రహస్య పోలీసుల మనిషి అన్నారు. ఆ రోజుల్లో హంగేరీలో లాస్లో రైక్, బల్గేరియాలో ట్రైచో కొస్తోవ్, చెకొస్లొవేకియాలో స్లాన్‌స్కీ అనే కమ్యూనిస్టు నాయకులకి ఇలాంటి విచారణల్లోనే మరణశిక్ష పడింది. రైక్, స్లాన్‌స్కీలు నేర్పిన పాఠాన్ని నిండు కోర్టులో అప్పజెప్పారు. పత్రష్కాను అప్పజెప్పలేదు. అందుకే అతని విచారణ తలుపులు మూసి, 1954 ఏప్రిల్ 6 నుంచి 14 దాకా రహస్యంగా జరపాల్సి వచ్చింది. తన మీద మోపిన నేరాల మీద ఉమ్మేస్తున్నానని తప్ప చెప్పడానికేమీ లేదన్నాడు. అప్పటికి స్టాలిన్ పోయి ఏడాది దాటింది. మాస్కోలో జైళ్ళ తలుపులు తెరుచుకుంటున్నాయి. ఆ గాలి బుకారెస్ట్ దాకా వస్తే తన కుర్చీకి పోటీ వచ్చేది ఈ మనిషేనని దేజ్ భయపడ్డాడన్నది చరిత్రకారులు చెప్పే కారణం, నాకూ అదే నమ్మదగ్గదిగా కనిపిస్తుంది. ఏప్రిల్ 16 అర్ధరాత్రి దాటాక, 17న, పత్రష్కానుని కాల్చేశారు. చోటు జిలావా. ఎనిమిదేళ్ళ కిందట ఆంటొనెస్కుని కాల్చిన అదే జిలావా.

ఆ ధైర్యానికి నేను చేతులెత్తి దండం పెడతాను. ఆరేళ్ళు నలిగినా అబద్ధం మీద సంతకం పెట్టని మనిషి అతను. ఆ మాట ఇక్కడ రాస్తున్నప్పుడు నా తీర్మానం నాకు గుర్తొచ్చింది, దాచను.

అతనితో పాటు బోనులో నిలబడ్డవాళ్ళ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. రెముస్ కోఫ్లర్‌కీ మరణశిక్ష పడింది. ఎమిల్ కల్మనోవిచ్ అనే ఇంజినీరు పార్టీ రహస్యంగా ఉన్న రోజుల్లో తన ఆస్తి ధారపోసి దాన్ని బతికించినవాడు. అతనికి యావజ్జీవం. నిరాహార దీక్ష చేసి 1956లో జైల్లోనే పోయాడు. లేనా కొన్‌స్తాంతే చిత్రకారిణి, పిల్లల బొమ్మలాట థియేటర్‌కి బొమ్మలు గీసేది. ఆమె చేసిన నేరం పత్రష్కాను భార్య ఎలెనాతో స్నేహం. పన్నెండేళ్ళ శిక్షలో ఎనిమిదేళ్ళకు పైగా ఒంటరి గదిలో గడిపింది. కాగితం, పెన్సిలు ఇవ్వకపోతే మనసులోనే పద్యాలు, నాటకాలు అల్లుకుంటూ పిచ్చెక్కకుండా కాపాడుకుంది. జానపద సంగీతం సేకరించే హారీ బ్రౌనర్ కూడా అదే కేసులో లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చాక వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు. వీళ్ళలో ఎవరూ మంత్రులు కారు, ఎవరి కోర్టునీ కట్టలేదు, కూల్చలేదు. "తన గోతిలో తానే పడ్డాడు" అనేవాళ్ళు ఈ నలుగురి గురించి ఏం చెబుతారు?

1968 ఏప్రిల్‌లో చౌషెస్కు పత్రష్కాను నిర్దోషి అని ప్రకటించాడు. దేజ్ అప్పటికే చనిపోయాడు. ఆ కేసులో చేయి ఉన్న పాత హోంమంత్రి అలెగ్జాండ్రు ద్రగిచ్ చౌషెస్కుకి అడ్డుగా ఉన్నాడు. ఆ ప్రకటనతో ద్రగిచ్ రాజకీయ జీవితం ముగిసింది. చచ్చినవాడికి న్యాయం జరిగింది అనుకోవడానికి నాకు మనసొప్పదు. ఒక పార్టీ సమావేశం అతన్ని దోషి అంది, ఇంకో పార్టీ సమావేశం నిర్దోషి అంది. రెండుసార్లూ కోర్టు పని పార్టీయే చేసింది. ద్రగిచ్‌ని పదవుల్లోంచి తీసేశారు తప్ప బోనెక్కించలేదు. సెక్యూరిటాటే అనే రహస్య పోలీసు దళం అలాగే ఉంది, బార్‌కి పాత స్వేచ్ఛ రాలేదు. 1989 క్రిస్మస్ రోజున తిర్గొవిష్తె సైనిక స్థావరంలో చౌషెస్కుని హడావిడి కోర్టు ముందు నిలబెట్టి గంటసేపట్లో తీర్పు చెప్పి కాల్చేసినప్పుడు, అతని తరఫు లాయర్లే అతన్ని తిట్టారు. మా నాన్న అన్నం మానేసిన రాత్రి అదే.

ఈ వ్యాసం మొదటి ప్రతి నాన్నకి చదివి వినిపించాను. ఆయనకిప్పుడు చూపు ఆనదు. అంతా విని, "సోవియట్ సైన్యం దేశంలో కూర్చుని ఉంటే ఒక న్యాయమంత్రి ఏం చేయగలడమ్మా? 1945 మార్చిలో కమ్యూనిస్టుల చేతుల్లో ఉన్న గ్రోజా ప్రభుత్వాన్ని రాజు నెత్తిన పెట్టింది మాస్కో కదా" అన్నారు. అది కొట్టిపారేసే మాట కాదు. పత్రష్కాను రాజీనామా చేసి ఉన్నా కథ పెద్దగా మారేది కాదేమో. కానీ అతను చేయలేకపోయినదాన్ని నేను అడగడం లేదు. చేసినదాన్ని అడుగుతున్నాను. జడ్జీల్ని కదిలించకుండా, లాయర్ల నోరు నొక్కకుండా ఆంటొనెస్కుని విచారించి ఉంటే శిక్ష తప్పేదా? తప్పేది కాదు. 1954లో పత్రష్కాను బతికేవాడని కూడా నేను చెప్పలేను. కానీ అతన్ని చంపాలంటే కనీసం ఒక జడ్జిని బెదిరించాలి, ఒక ప్లీడరు గొంతు నొక్కాలి. 1954 నాటికి ఆ శ్రమ కూడా ఎవరికీ లేకుండా పోయింది. దాన్ని పొరపాటు అనడం నాకు ఇష్టం లేదు అన్నాను. నాన్న ఆ మాటకి బదులు చెప్పలేదు. కాసేపటికి, "మీ ఊరి కేసు ఏమైంది?" అని అడిగారు.

పక్క జిల్లా నుంచి ఒక లాయరు వచ్చి ఆ కేసు నడిపాడు. నిందితుడికి శిక్ష పడింది, సాక్ష్యాలు చూస్తే పడాల్సిందే. కానీ ఆ లాయరు వచ్చేలోపు నాలుగు వాయిదాలు అతను బోనులో ఒక్కడే నిలబడ్డాడు. జడ్జి గారు అడిగినప్పుడల్లా "నాకెవరూ లేరండీ" అనేవాడు. ఆ నాలుగు వాయిదాలకీ నేను అదే కోర్టు హాల్లో రెండో బెంచీలో వేరే కేసు ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.